సొరుగు తాళం తీసి చూపించాక నాన్న మాట్లాడటం మానేశారు

ప్రశ్న: మాది రాజమండ్రి. నాకు 20 ఏళ్లు, మెకానికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. ఎనిమిది నెలలుగా లాక్ పికింగ్, అంటే తాళంచెవి లేకుండా సన్నని పనిముట్లతో తాళం తీయడం, సరదాగా నేర్చుకుంటున్నాను. ఇంట్లో చెప్పలేదు. పోయిన నెల నాన్న ఆఫీసులో ఉండగా ఆయన రాతబల్ల సొరుగు తాళం నిమిషంలో తీశాను. రాగానే చూపించాను. మెచ్చుకుంటారనుకుంటే ముఖం తిప్పుకున్నారు. పైగా ఆ రోజు నుంచి ఆ సొరుగులో తాళంచెవి పట్టేస్తోంది. అమ్మ నా 24 పనిముట్ల సెట్టు అటక మీద పెట్టేసింది. "ఇది దొంగల విద్య. అపార్ట్‌మెంట్‌లో ఎవరింట్లో ఏం పోయినా నీ మీదకే వస్తుంది" అంటోంది. నాన్న మాట్లాడటమే లేదు. ఒక సబ్జెక్టు బ్యాక్‌లాగ్ ఉండటంతో అదీ ఇదీ కలిపి తిడుతున్నారు. ఇది తప్పుడు పని కాదని వాళ్లకు ఎలా నచ్చచెప్పాలి? ఈలోగా వేరే సెట్టు కొనుక్కోవచ్చా?

జవాబు: మీ సరదా తప్పుడు పని కాదు. కానీ మీ నాన్నగారి కోపం ఆ సరదా మీద అని మీరు అనుకుంటున్నారు. ఆయన కోపం సొరుగు మీద. తాళం వేసుకున్న మనిషిని అడగకుండా ఆ తాళం తీశారు. పనిముట్లతో తీసినా, ఆయన జేబులోంచి తాళంచెవి తీసుకుని తీసినా ఆయనకు ఒకటే.

ఈ విద్యను ఇష్టపడేవాళ్లు ఏ దేశంలో ఉన్నా రెండు నియమాలు పాటిస్తారు. తనది కాని తాళాన్ని యజమాని అనుమతి లేకుండా ముట్టుకోకూడదు. వాడుకలో ఉన్న తాళాన్ని, తనదే అయినా, సాధనకు వాడకూడదు. మీరు ఆ ఒక్క నిమిషంలో రెండూ తప్పారు. ముందు ఈ మాట నాన్నగారి దగ్గర ఒప్పుకోండి. రేపు మీరు ఈ విద్యకు పద్ధతులున్నాయని చెబితే ఆయన నమ్మాలంటే, మీరు వాటిని తప్పానని ముందు మీ నోటి నుంచే రావాలి.

రెండో నియమం ఎందుకు పెట్టుకున్నారో ఆ సొరుగే చెబుతోంది. ఇలాంటి సొరుగు తాళాల్లో చాలావాటికి పిన్నులు, అంటే తలుపు తాళాల్లో ఉండే చిన్న కడ్డీలు, ఉండవు. వేఫర్లు అనే పల్చని ఇత్తడి రేకులు వరసగా ఉంటాయి. ఒక్కో రేకు పక్కన వెంట్రుకంత స్ప్రింగు. టెన్షన్ (తాళాన్ని తిప్పడానికి పట్టీతో పెట్టే ఒత్తిడి) గట్టిగా పెట్టి, రేక్ అనే వంకర్ల కొన పనిముట్టుతో గబగబా గీకితే వేఫర్ రేకు అంచు వంగుతుంది, లేదా స్ప్రింగు దాని గాడిలోంచి జారిపోతుంది. తర్వాత అసలు తాళంచెవి పెట్టినా ఆ రేకు పూర్తిగా లోపలికి దిగదు. పట్టేయడం అందుకే. ఇంకో సంగతి కూడా నాన్నగారికి దాచకుండా చెప్పండి. ఆ రకం తాళాల్లో వదులు ఎక్కువ, కొత్తగా నేర్చుకునేవాళ్లకూ తేలిగ్గానే వచ్చేస్తాయి. అది మీ గొప్ప కాదు, ఆ తాళం బలహీనత. ముఖ్యమైన కాగితాలు, బంగారం అందులో ఉంటే బీరువాలోకో బ్యాంకు లాకర్‌లోకో మార్చమనండి.

"నాన్నా, మీ సొరుగు మీకు చెప్పకుండా తీయడం తప్పు. తాళం కూడా నావల్లే పాడైంది. కొత్తది నేనే వేయిస్తాను." ఇంతే చాలు. "కానీ" అని ఇంకో వాక్యం కలపొద్దు. లాక్ పికింగ్ మాట ఆ రోజు ఎత్తొద్దు. పాత తాళం విప్పి హార్డ్‌వేర్ షాపుకు పట్టుకెళ్లండి. గొట్టం వ్యాసం, పొడవు, వెనక నాలుక తిరిగే వైపు ఈ మూడూ సరిపోవాలి. లేకపోతే సొరుగు రంధ్రం మళ్లీ తొలవాల్సి వస్తుంది. మీ పాకెట్ మనీతోనే కొనండి. బిగించాక తాళంచెవులు రెండూ ఆయన చేతిలో పెట్టండి, ఒకటి మీ దగ్గర ఉంచుకోకండి.

వారం పది రోజులు పోనిచ్చి, చుట్టాలెవరూ లేని ఒక ఆదివారం చూసుకుని అసలు విషయం మాట్లాడండి. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. అమ్మానాన్నల ముందు తాళం పది సెకన్లలో తీసి "చూశారా" అంటారు. మీరెంత త్వరగా తీస్తే వాళ్లకు అంత భయం. వాళ్లకు కనిపించేది మీ నేర్పు కాదు, తమ వీధి తలుపు. అందుకని ఆ రోజు తాళం తీయకండి. తాళాన్ని విప్పి చూపించండి.

దానికి నైట్ లాచ్‌కు వాడే గుండ్రని సిలిండర్ ఒకటి విడిగా కొనండి. తాళంచెవికి ఒకవైపే పళ్లుండే రకం తీసుకోండి. పెద్ద అంచున్న స్టీలు పళ్లెంలో పాత తువ్వాలు పరిచి దాని మీద పని చేయండి, లేకపోతే జారిన స్ప్రింగు సోఫా కింద వెతుక్కోవాలి. వెనక ఉన్న రెండు చిన్న మరలో, క్లిప్పో తీసి, తాళంచెవి పెట్టి కొద్దిగా పక్కకు తిప్పండి. ఇప్పుడు లోపలి ప్లగ్‌ను, అంటే తాళంచెవి దూరి తిరిగే గుండ్రని ముక్కను, ముందుకు లాగుతూనే దాని వెనకే అంతే లావున్న చెక్కపుల్లను తొయ్యాలి. ప్లగ్ సాధారణంగా 13 మి.మీ. లోపు లావు ఉంటుంది. కొలిచి పుల్లను ఉప్పుకాగితంతో అరగదీసుకోండి. ప్లగ్‌కూ పుల్లకూ మధ్య సందు వదిలితే పైనున్న స్ప్రింగులు, పిన్నులు ఒక్కసారి కిందికి దూకుతాయి. ముందు మీరొక్కరే నాలుగైదుసార్లు చేసి చేయి అలవాటయ్యాకే వాళ్ల ముందు కూర్చోండి.

ప్లగ్ బయటికొచ్చాక తాళంచెవి అందులోనే ఉంచి నాన్నగారి చేతికివ్వండి. వెలుతురులో చూస్తే ఐదు పిన్నుల తలలూ ఇత్తడి ఒంటితో సమానంగా, వేలితో తడిమినా తెలియనంత సాపుగా ఉంటాయి. ఇక తాళంచెవిని మెల్లగా బయటికి లాగమనండి. ఒక్కో పన్ను కింద నుంచి జారుతుంటే పిన్నులు లేస్తూ పడుతూ, చివరికి ఒక్కోటి ఒక్కో లోతుకు దిగిపోతాయి. మళ్లీ పెడితే మళ్లీ సాపు. ఈసారి వేరే తాళంచెవి ఏదైనా పెట్టమనండి. దూరితే, రెండు పిన్నులు ఆవగింజల్లా పైకి పొడుచుకొస్తాయి. ఆ రెండూ చాలు, ప్లగ్ తిరగకుండా ఆపడానికి. ఇన్నాళ్లూ మీరు ఏం చేస్తున్నారో ఆయనకు అప్పుడు కంటికి కనిపిస్తుంది. ఈ ఏర్పాటుకు లైనస్ యేల్ జూనియర్ 1861లో అమెరికాలో పేటెంటు తీసుకున్నాడనీ, ఇప్పటికీ చాలా ఇళ్ల తలుపులకు ఉన్నది ఇదేననీ చెప్పండి.

చెవి లేకుండా ఎలా తిరుగుతుందని ఆయనే అడుగుతారు. అడిగాకే చెప్పండి. ఫ్యాక్టరీలో పిన్నులు కూర్చునే ఐదు రంధ్రాలూ నూటికి నూరుపాళ్లు ఒకే గీత మీద పడవు. అందుకని ప్లగ్‌ను కొంచెం తిప్పి పట్టుకుంటే పిన్నులన్నీ ఒక్కసారి బిగుసుకోవు, ఒకటి ముందు బిగుసుకుంటుంది. దాన్ని వెతికి, సరైన ఎత్తుకు లేపితే చిన్న టిక్కు వినిపిస్తుంది, ఇంకోటి బిగుసుకుంటుంది. అలా ఒక్కోటీ. ఒక్కో రంధ్రంలో పైన ఒకటి, కింద ఒకటి పిన్నులుంటాయి. ఎక్కువ లేపితే కింది పిన్ను కూడా ప్లగ్ అంచు దాటి ఇరుక్కుంటుంది, టెన్షన్ వదిలేసి మొదటికి రావాలి.

అమ్మను ఊరికే చూడమనకండి, చేయమనండి. సిలిండర్‌లో రెండు పిన్నులే ఉంచి మిగతావి తీసేసి ఇవ్వండి. టెన్షన్ వేలికి, ఫోన్ స్క్రీన్ తాకినంత ఒత్తిడి చాలని చెప్పండి. కొత్తవాళ్లు ఓడేది ఆ ఒత్తిడి ఎక్కువై పిన్నులన్నీ ఒకేసారి బిగుసుకుపోవడం వల్లే. మురుకులు వత్తే చేతికి, పాకం వేళ్ల మధ్య చూసే చేతికి ఇది త్వరగానే అందుతుంది.

తర్వాత స్పూల్ పిన్నులున్న మంచి తాళం ఒకటి తీసి వాళ్ల ముందే ప్రయత్నించండి, ఓడిపోండి. స్పూల్ పిన్ను నడుము సన్నగా ఉంటుంది. ప్లగ్ కొంచెం తిరిగి, వచ్చేసిందనిపించి ఆగిపోతుంది. పిన్నును ఇంకా లేపబోతే ప్లగ్ వెనక్కి తోస్తుంది. ఆ వెనక్కి తోయడాన్ని వేలితో గుర్తుపట్టి, టెన్షన్ వదులు చేయడం రావడానికే నెలలు పడుతుంది. ఎనిమిది నెలలు నేర్చుకున్న కొడుకు అరగంట కూర్చున్నా మంచి తాళం రాలేదని కళ్లారా చూశాక, ఆ రాత్రి మీ అమ్మగారు నిశ్చింతగా పడుకుంటారు.

నాన్నగారికి పోలీసుల భయం ఉంటే దాన్ని తీసిపారేయకండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 330వ సెక్షన్ ప్రకారం, ఇంట్లోకి అక్రమంగా చొరబడటం కోసం తాళం తీయడం నేరమే. మీ సొంత తాళాన్ని మీ బల్ల మీద తీసుకోవడం దాని కిందికి రాదు. కానీ మహారాష్ట్ర పోలీసు చట్టం 122వ సెక్షన్ లాంటివి ఉన్నాయి. పొద్దుగూకిన తర్వాత తెల్లారేలోపు, సరైన కారణం చూపలేకుండా ఇళ్లు పగలగొట్టే పనిముట్లతో దొరికితే అదే నేరం. కాబట్టి మీ పనిముట్లు ఇల్లు దాటకూడదు. బండి డిక్కీలో వద్దు, కాలేజీ బ్యాగులో వద్దు, ఊరెళ్లేటప్పుడు అసలే వద్దు.

అపార్ట్‌మెంట్ గురించి అమ్మ అన్న మాటలో నిజం ఉంది. నాకు తాళాలు వచ్చని స్నేహితులకు చెప్పుకోవడం, రీల్స్ పెట్టడం మానేయండి. పక్కింటివాళ్లు తాళంచెవి లోపల మర్చిపోయి మిమ్మల్ని పిలిచినా వెళ్లొద్దు, తాళాలు బాగుచేసే మనిషి నంబరు ఇవ్వండి. మర్యాదగా ఉండదనిపించినా ఇది గట్టిగా పాటించాలి. ఒక్కసారి వెళ్తే ఆ వార్త అన్ని అంతస్తులూ తిరుగుతుంది. పనిముట్లను మీ గదిలో దాచకుండా హాల్లో అందరికీ తెలిసిన సొరుగులో పెట్టండి. సాధన కూడా హాల్లోనే, తలుపు వేసుకుని కాదు.

ఇది పెద్దమనుషులు కూడా చేసిన పనే అని చూపించడానికి ఉదాహరణలున్నాయి. లండన్‌లో బ్రామా కంపెనీ తన తాళం తీసినవారికి 200 గినీలిస్తామని పందెం కట్టింది. దాన్ని 1851లో అమెరికా నుంచి వచ్చిన హాబ్స్, 16 రోజుల్లో మొత్తం 51 గంటలు కష్టపడి తీశాడు. దాంతో ఇంగ్లండులో తాళాలు చేసేవాళ్లు తమ తాళాలను మెరుగుపరచుకోక తప్పలేదు. నోబెల్ అందుకున్న భౌతిక శాస్త్రవేత్త ఫైన్‌మన్‌కూ తాళాల పిచ్చి ఉండేది. జర్మనీలో ఈ ఆటకు 1997 నుంచి సంఘమే ఉంది, పోటీలు జరుగుతాయి. అయితే ఇవన్నీ చివర్లో చెప్పండి. ముందే చెబితే నెట్‌లో చదివి వాదిస్తున్నాడనుకుంటారు. మీ నాన్నగారికి దగ్గరగా ఉండేది గోద్రెజ్ కథ. ఆ కంపెనీ 1897లో మొదలైందే తాళాలతో.

ఉద్యోగం వస్తుందని మాత్రం చెప్పొద్దు. ఆ ఒక్క మాటతో ఒప్పించొచ్చని చాలామందికి అనిపిస్తుంది. ప్లేస్‌మెంట్ల సమయంలో అదే మాట తిరిగొచ్చి తగులుతుంది. ఇది సరదా, అంతే. వారానికి మూడు రోజులు అరగంట, బ్యాక్‌లాగ్ పరీక్ష అయ్యేదాకా అదీ లేదు. ఈ లెక్క మీరే పెట్టి మీరే పాటిస్తే చదువు గొడవ దీన్నుంచి విడిపోతుంది.

ఇంటికి పనికొచ్చేది ఒకటి చేసి పెట్టండి. "తాళం వేసితిని, గొళ్లెం మరచితిని" అన్న సామెత మన తలుపులకు అక్షరాలా సరిపోతుంది. తాళం పెద్దదే ఉంటుంది, గొళ్లెం మాత్రం ముప్పావు అంగుళం మరల మీద వేలాడుతుంటుంది. దొంగలు ఎక్కువగా వాడేది సన్నని పనిముట్లు కాదు, ఇనుప రాడ్డు. నాన్నగారితో కలిసి మరలు తీసేసి, తలుపు ఆసాంతం దూరే బోల్టులు వేసి లోపలివైపు నట్లు బిగించండి. తాళాల్లో కొబ్బరినూనె పోయడం మాన్పించండి. దుమ్ము పట్టి జిగురై పిన్నులు కదలవు, గ్రాఫైట్ పొడి కొంచెం చాలు. సంక్రాంతికి ఊరెళ్లేముందు తాళం వేసిన ఇళ్ల మీద నిఘా పెట్టే ఏపీ పోలీసుల ఏర్పాటు ఎల్‌హెచ్‌ఎంఎస్‌లో ఇంటి వివరాలు మీరే నమోదు చేయించండి.

ఇంత చేసినా ఇప్పుడే వద్దంటే, వాళ్లింట్లో ఉన్నన్నాళ్లూ ఆ మాట వినండి. స్నేహితుడి గదిలో దాచుకుని కొనసాగిస్తే, బయటపడిన రోజు సొరుగు సంగతి కంటే పెద్ద గొడవ అవుతుంది. పరీక్ష పాసయ్యాక మళ్లీ అడగండి.

కొత్త సెట్టు కొనకండి. మీకు కావలసింది సుమారు 0.6 మి.మీ. మందం హుక్ (పిన్నులు లేపే, కొన వంగిన పనిముట్టు) ఒకటి, బల్లపరుపు టెన్షన్ పట్టీ ఒకటి. రెండూ ఆ అటక మీది సెట్టులోనే ఉంటాయి. అమ్మ చేసి చూడటానికి ఒప్పుకున్న రోజు ఆవిడ చేత్తోనే ఆ రెండు దింపించుకోండి, మిగతా 22 అక్కడే ఉండనివ్వండి.