పేరు ఏ గడిలో ఉందో చూడాలి

పత్రికకు రాస్తూ, రైతు మహిళల హక్కుల కోసం కూడా తిరిగే బతుకు ఎలా ఉంటుందని అడిగారు. మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా ధర్మాబాద్ వైపు 12 ఏళ్లుగా నా పని అదే. డబ్బు సంగతి ముందే చెప్పేస్తా: విలేకరిగా వచ్చేది స్కూటీ పెట్రోలుకు సరిపోతే ఆ నెల బాగున్నట్టే. ఇల్లు గడిచేది మా సోయాబీన్ మీద.

ఇక్కడ మా ఇళ్లలో తెలుగు, ఆఫీసుల్లో మరాఠీ. మొదట్లో, భర్త పోయాక పొలం కాగితాల్లో పేరు ఎక్కని ఒకామె గురించి తెలుగు పేపర్లో ఫొటో వేసి మరీ రాశాను. భూమి రికార్డులు రాసే మా ఊరి రెవెన్యూ ఉద్యోగి, తలాఠీకి, తెలుగు చదవడం రాదు. చదివింది ఆమె బావగారు. వారం రోజులు ఆమెను గడప దాటనివ్వలేదు. ఆ తప్పు నాదే.

తర్వాత ఆమె సాత్‌బారా, అంటే పొలం ఎవరిదో చూపే 7/12 కాగితం, పట్టుకొచ్చింది. "నా పేరు ఎక్కింది గదక్కా?" ఎక్కింది, కానీ ఎక్కడ? ఖాతాదారు గడిలో పదేళ్ల కొడుకు, పక్కన 'అ.పా.క.', అంటే మైనరుకు సంరక్షకుడిగా, బావగారు! తల్లి పేరు, కూతురి పేరు 'ఇతర్ హక్క్' (ఇతర హక్కులు) గడిలో. ఆ గడి చూసి ఏ బ్యాంకూ పంట అప్పు ఇవ్వదు. విల్లు లేకుండా భర్త పోతే ఆయన వాటాలో భార్యకూ, పిల్లలకూ, ఆయన తల్లికీ సమాన భాగమని హిందూ వారసత్వ చట్టం 1956 నుంచీ చెబుతూనే ఉంది. ఆ గడి మార్పించడానికి తహసీల్ చుట్టూ తిరగడంలో రెండు వానాకాలాలు పోయాయి.

ఈమె ఒక్కతే కాదు. 2018లో మహిళా రైతుల హక్కుల వేదిక, మహిళా కిసాన్ అధికార్ మంచ్ వాళ్లు మరాఠ్వాడా, విదర్భల్లో ఆత్మహత్య చేసుకున్న రైతుల భార్యలు 505 మందిని కలిస్తే, 40 శాతం మందికి భర్త దున్నిన భూమి మీద హక్కు ఇంకా దక్కలేదు.

ఇప్పుడు నా పద్ధతి వేరు. ముందు మరాఠీలో అర్జీ, దానికి ముద్ర వేసిన పోచ్ (రసీదు). తలాఠీ ఫేర్‌ఫార్‌లో (పేరు మార్పుల రిజిస్టర్లో) రాసి నోటీసు ఇచ్చాక అభ్యంతరాలకు 15 రోజుల గడువు. ఆ 15 రోజులూ ఒక్క ముక్క రాయను. వార్త చూసి ఎవరైనా అభ్యంతరం పెట్టారా, అది తక్రార్ (వివాదం) కేసు అయి కూర్చుంటుంది. తలాఠీ పైనుండే మండల్ అధికారి సంతకం పడ్డాకే పెన్ను తీస్తా. ఎడిటర్‌కు అప్పటికి అది పాత వార్త. ఆయన కోపం ఆయనది.

మీరూ ఈ సరిహద్దు వైపే ఉంటే చెప్పండి, అర్జీ నమూనా ఇక్కడే పెడతాను.