సన్న ధారకు కదలని స్మార్ట్ మీటర్

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్‌కో స్మార్ట్ వాటర్ మీటర్ బిగించారు. లోపల తిరిగే చక్రం ఉండదట, ఫ్లూయిడిక్ రకమట. కుళాయి సన్నగా వదిలితే యాప్‌లో రీడింగ్ కదలదు, ఫుల్‌గా తిప్పితే పరిగెడుతుంది. ఎవరైనా హ్యాక్ చేశారా? అప్‌డేట్ చేస్తే పోతుందా? (లాగిన్ పేజీ స్క్రీన్‌షాట్ పంపుతున్నాను.)

జవాబు: హ్యాక్ అన్న మాట లేకుండా ఈమధ్య ఒక్క మెయిలూ రావట్లేదు! మీ మీటర్‌ని ఎవరూ ముట్టుకోలేదండీ. అందులో నీళ్లు ఇరుకు సందులోంచి ధారగా దూసుకొచ్చి ఒక పక్క గోడకు అతుక్కుంటాయి. కుళాయి ధారకు స్పూను వీపు ఆనించి చూడండి, ధార స్పూను వైపే వంగుతుంది, అదే కోవాండా ఎఫెక్ట్. అలా అతుక్కున్న ధారలోంచి కొంత నీరు పక్క కాలువ గుండా వెనక్కి వచ్చి, ధారను మొదట్లోనే అవతలి గోడకు నెట్టేస్తుంది, అక్కడికెళ్లాక మళ్లీ ఇదే తంతు. ఈ ఊగడాన్నే సెన్సర్ లెక్కపెడుతుంది. ప్రవాహం రెట్టింపైతే ఊగే వేగం కూడా దాదాపు రెట్టింపవుతుంది. ధారకు నిలకడ లేకపోవడం మీదే మీటర్ బతుకుతుందన్నమాట. నీళ్లు మరీ నెమ్మదిగా వస్తే ధార బుద్ధిగా తిన్నగా పోతుంది, లెక్క సున్నా. దీనికి అప్‌డేట్ ఏం చేస్తుంది?

అయితే ఎంత ప్రవాహం నుంచి లెక్క మొదలవుతుందో యాప్‌లో రాయడానికి వీళ్లకేం నొప్పి? రాత్రంతా ఫ్లష్ ట్యాంకు కారుతున్నా ‘లీకేజీ లేదు’ అని పచ్చ టిక్కు పెట్టేస్తారు.

నా అసలు టెన్షన్ మీ స్క్రీన్‌షాట్ చూశాక మొదలైంది. అన్ని ఫ్లాట్లకూ కలిపి ఒకే లాగిన్, పిన్ 1234, అదీ వాట్సాప్ గ్రూపులో పిన్ చేసి పెట్టారు! గంటగంటకూ నీళ్ల వాడకం కనిపిస్తోందంటే ఎవరు ఎప్పుడు లేస్తారో, ఎవరింట్లో పగలు మనిషి ఉండరో, సంక్రాంతికి ఎవరు ఊరెళ్లారో అన్నీ కనిపిస్తున్నట్టే. గ్రూపులో పాత అద్దెవాళ్లూ, ప్లంబరూ ఇంకా ఉండే ఉంటారు, చూసుకోండి. ఈరోజే పిన్ మార్పించి, ఎవరి ఫ్లాట్ రీడింగ్ వాళ్లకే కనపడేలా చేయమని అసోసియేషన్‌ని నిలదీయండి.

అన్నట్టు, మీటర్ విప్పి పుల్లతో శుభ్రం చేయకండి. కారు అద్దం కడిగే నాజిల్స్ చాలావాటిలోనూ ఇలాగే ధార ఊగుతుంది, నీళ్లు విసనకర్రలా పడేది అందుకే. అందులో బోరు నీళ్లు పోసి, ఉప్పు పేరుకున్నాక పిన్నీసుతో పొడిచి, ఇప్పుడు ఒక పక్కకే చిమ్ముతోందేమిటని నాకే రాస్తారు.