మిద్దె మీద పోలీసు డ్రోన్ ఆగితే ఏం చేయొచ్చు?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె సార్. పేకాట ఆడేవాళ్లను పట్టుకోవడానికని పోలీసులు డ్రోన్ తిప్పుతున్నారు. మొన్న అది మా మిద్దె మీద చాలాసేపు ఆగింది. మా స్నానాల బచ్చలికి గోడలే ఉన్నాయి, పైకప్పు లేదు. ఆడపిల్లలు స్నానానికి పోవాలంటే టెన్షన్ పడుతున్నారు. మా పిల్లోడు రాయితో కొడతానంటున్నాడు. పోలీసులకు ఈ హక్కు ఉందా?

జవాబు: అమ్మా, ముందు మీ పిల్లోణ్ణి ఆపండి. అది ప్రభుత్వ ఆస్తి, పగిలిందంటే 1984 నాటి ప్రజా ఆస్తుల చట్టం కింద కేసు పెడతారు, అందులో ఐదేళ్ల దాకా జైలు ఉంది. న్యాయం మీ పక్కనున్నా కేసు మాత్రం మీ మీదే నడుస్తుంది.

పోలీసులు డ్రోన్‌తో ఎవరిని, ఎంతసేపు చూడొచ్చు, ఆ వీడియో ఎన్నాళ్లు దాచుకోవచ్చు అని చెప్పే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు, ఇది పెద్ద లోటేనని నా అభిప్రాయం. 2021 డ్రోన్ నియమాలు త్రివిధ దళాలకు వర్తించవు కానీ పోలీసులకు అలాంటి మినహాయింపు అందులో రాయలేదు, కాబట్టి వాళ్ల డ్రోన్‌కూ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, గ్రీన్ జోన్‌లో, అంటే ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయగలిగే ప్రాంతంలో కూడా, 400 అడుగుల ఎత్తు దాటాలంటే అనుమతి తీసుకోవాలి. అయితే అవన్నీ ఆకాశంలో భద్రత కోసం పెట్టినవి, మీ గోడ లోపలికి చూడొచ్చా లేదా అన్నది వాటిలో దొరకదు.

దానికి 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలు పుట్టస్వామి కేసులో ఇచ్చిన తీర్పు చూడాలి. గోప్యత ప్రాథమిక హక్కు. ప్రభుత్వం అందులో వేలు పెట్టాలంటే చట్టం ఆధారంగా ఉండాలి, సరైన అవసరం ఉండాలి, ఆ అవసరానికి మించి పోకూడదు. ఊరి బయట కంపచెట్ల కింద పేకాట కోసం వెతకడం ఒక ఎత్తు, ఇంటి మీద ఆగి బచ్చలిలోకి కెమెరా తిప్పడం ఇంకో ఎత్తు. రెండోదాన్ని పేకాట పేరు చెప్పి సమర్థించుకోలేరు. స్నానం చేస్తున్న ఆడమనిషిని చాటుగా చూసినా, వీడియో తీసినా, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం, మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ల జైలు. యూనిఫాం వేసుకున్నారని అందులో మినహాయింపు ఏమీ లేదు. కాకపోతే ఎగురుతూ పోతుంటే కంటబడటం వేరు, ఆగి చూడటం వేరు. మీరు నిరూపించాల్సింది ఆగి చూశారని.

ఒక మాట గుర్తుంచుకోండి, సోదా చట్టవిరుద్ధంగా జరిగిందన్న ఒక్క కారణంతో అందులో దొరికిన సాక్ష్యం చెల్లకుండా పోదని 1973లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి తప్పుగా తీసిన డ్రోన్ వీడియోను కూడా కోర్టులో పెట్టొచ్చు, కానీ దానికి 2023 సాక్ష్య అధినియమం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ కావాలి, లాయర్లు ముందు చూసేది అదే.

ఇప్పుడు మీరు చేయాల్సింది చెప్తాను. డ్రోన్ వచ్చిన తేదీ, టైము, ఎంతసేపు ఆగిందీ రాసిపెట్టండి, మళ్లీ వస్తే ఫోన్‌లో తీయండి. ఆ రోజు ఫుటేజ్ చెరిపేయకుండా భద్రపరచాలని ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో అర్జీ పంపండి, ఇది ఆలస్యం చేయొద్దు. ఆర్టీఐ కింద డ్రోన్ నంబరు, వాడకం ఉత్తర్వులు, వీడియో ఎన్నాళ్లు ఉంచుతారన్నది అడగండి. ఫుటేజ్ ఇవ్వమంటే దర్యాప్తులో ఉందని కాదనొచ్చు, ఈ వివరాలు మాత్రం అడిగే హక్కు మీకుంది, 30 రోజుల్లో జవాబు రావాలి. ఎస్పీ పట్టించుకోకపోతే రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు రాయొచ్చు, కానీ ఘటన జరిగిన ఏడాది లోపే. హైకోర్టులో రిట్, అంటే హక్కు కాపాడమని కోరే పిటిషన్, వేసే దారి కూడా ఉంది.