నాలా నిండిన రాత్రి తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

హన్మకొండలో పది పన్నెండు మందితో హోల్‌సేల్ వ్యాపారం నడుపుతున్నామని, డీలర్‌షిప్ ఇవ్వాలంటే కంపెనీవాళ్లు 'బిజినెస్ కంటిన్యుటీ ప్లాన్', అంటే ఆపద వచ్చినా వ్యాపారం ఆగకుండా ఎలా నడుపుతారో రాసిన కాగితం అడుగుతున్నారని, అందులో సినారియో ప్లానింగ్, అంటే ఇలా జరిగితే ఏం చేస్తామని ముందే కథలా అల్లి చూసుకోవడం కూడా ఉండాలంటున్నారని రాశారు. మనలాంటి వాళ్లకు అది పనికొస్తుందా, ఫైల్లో పెట్టడానికేనా అన్నది మీ ప్రశ్న.

పనికొస్తుంది. కానీ వాళ్లిచ్చిన ఫార్మాట్ నింపినంత మాత్రాన కాదు.

నాది మందుల ఏజెన్సీ. గోడౌన్ నయీంనగర్ నాలాకు దగ్గర్లోనే. 2020 ఆగస్టు వానలప్పుడు నేను హైదరాబాద్‌లో ఉన్నాను, ఫోన్ సైలెంట్‌లో ఉంది. గోడౌన్‌లో పడుకునే కుర్రాడు ఒంటిగంటకే గేటు దగ్గర నీళ్లు చూశాడు. ర్యాకుల గది తాళంచెవి క్యాషియర్ ఇంట్లో ఉంది. తెల్లవారేసరికి కింది రెండు వరసలు మునిగాయి. తడిసిన మందు పెట్టె అమ్మడానికి లేదు, మొత్తం పారబోయాల్సిందే. కంప్యూటర్ సీపీయూ నేల మీదే ఉండేది. బ్యాకప్ పెన్‌డ్రైవ్ ఎక్కడుందంటారా, అదే టేబుల్ కింది సొరుగులో. ఇన్సూరెన్స్‌వాళ్లు స్టాక్ ఎంతుందో చూపించమంటే, సప్లయర్ల దగ్గర పాత బిల్లులు అడుక్కోవడానికే రెండు నెలలు పట్టింది.

కుర్రాణ్ణి కోప్పడితే వాడన్న మాట: "సేటూ, చెప్పకుంట మాల్ ఎట్ల ముట్టుకోవాలె?"

వరద వస్తుందని మాకు తెలియక కాదు. నాలా పక్కన కాపురం మాది. ఆ రాత్రి ఎవరు ఏం చేయొచ్చో ముందే అనుకోలేదు, అంతే.

తర్వాత అందరం కూర్చున్నాం. మొదట వరద, నిప్పు, దొంగతనం, కరోనా, సమ్మె అని జాబితా రాస్తూ పోతే అది చాంతాడంత అయింది, ఒక్కటీ పనికి రాలేదు. అప్పుడు తిప్పి ఆలోచించాం. కారణం ఏదైనా చివరికి మనకు లేకుండా పోయేది ఏమిటి? కరెంటు, దారి, గోడౌన్‌లోకి ప్రవేశం, కంప్యూటర్, లేదా నేను. వీటిలో రెండు మూడు కలిపి ఒక కథ అల్లి, రాత్రి రెండయింది, కరెంటు లేదు, సేటు ఊళ్లో లేడు, ఏం చేస్తావ్ అని ఒక్కొక్కర్నీ అడిగాం. మా డ్రైవర్ వెంటనే, "బండిల డీజిల్ లేకుంటే? కరెంటు లేకుంటే బంకు గూడ నడవది గద" అన్నాడు. నాకు ఆ ఆలోచనే రాలేదు. వానాకాలంలో ట్యాంకు సగానికి తగ్గకూడదన్న నియమం అలా పుట్టింది.

ఇది జోస్యం చెప్పడం కాదు. 1970ల మొదట్లో షెల్ ఆయిల్ కంపెనీలో పియర్ వాక్ బృందం చేసిందీ ఇలాంటిదే: చమురు దేశాలు సరఫరా బిగిస్తే మన పరిస్థితి ఏమిటని మేనేజర్లను ముందే ఆలోచింపజేశారు. 1973 చివర్లో మొదలై కొన్ని నెలల్లోనే బ్యారెల్ ధర సుమారు 3 డాలర్ల నుంచి 12 దగ్గరకు ఎగబాకినప్పుడు, మిగతా కంపెనీల కన్నా వాళ్లు తొందరగా తేరుకున్నారు.

మాకు అన్నిటికన్నా ఉపయోగపడింది నాలా గోడ మీద గీసిన ఎర్ర గీత. నీళ్లు దాన్ని తాకితే కింది ర్యాకుల మాల్ పైకెక్కించాలి, ఎవర్నీ అడగక్కర్లేదు, ఉత్తపుణ్యానికి ఎక్కించినా హమాలీ ఖర్చు నాది. రెండుసార్లు అలా ఉత్తపుణ్యానికే ఎక్కించారు. నేను నోరు మెదపలేదు. మెదిపి ఉంటే మూడోసారి వాళ్లు కదిలేవారు కాదు.

ఆ మూడోసారి 2023 జులై 27. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు కురిసిన రోజు. మా మాల్ దక్కింది. జనరేటర్ దక్కలేదు, అది సెల్లార్‌లో ఉంది. కరెంటు పోతే ఏం చేయాలో ఒక కాగితం, నీళ్లొస్తే ఏం చేయాలో ఇంకో కాగితం రాసుకున్నాం కానీ రెండూ ఒకేసారి వస్తాయని కలిపి చూడలేదు. ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి కదా, ఐస్‌బాక్సుల్లోకి మార్చాం. ఆ టెన్షన్‌లో ఒకబ్బాయి ఐస్‌ప్యాక్‌లకు ఆనించి పెట్టేశాడు. గడ్డకట్టిన ఇన్సులిన్ వాడకూడదు, అదంతా పోయింది. ఇప్పుడు మధ్యలో అట్ట పెడుతున్నాం.

2024 సెప్టెంబర్ 1న మా గోడౌన్‌లో చుక్క నీరు లేదు. కానీ విజయవాడ లైన్లో ఇంటికన్నె–కేసముద్రం మధ్య రైలు పట్టాల కింది మట్టి కొట్టుకుపోయింది. విజయవాడలో మాకు మాల్ పంపే డిపో బుడమేరు నీళ్లలో చిక్కుకుంది. 'దారి లేదు' కథ రాసుకున్నప్పుడే కరీంనగర్‌లో ఇంకో స్టాకిస్ట్ దగ్గర ఖాతా తెరిచి, నెలనెలా కొంత ఆర్డర్ ఇస్తూ వచ్చాం. కాస్త ఖరీదే. అయినా ఆపదలో మొదటిసారి ఫోన్ చేసినవాడికి అప్పు మీద మాల్ ఎవరిస్తారు?

కాబట్టి మీరు ముందు మీ హమాలీలు, డ్రైవర్‌తో ఒక పూట కూర్చోండి, తేలింది ఒక పేజీకి మించకుండా రాసి గోడకు అంటించండి. కంపెనీ ఫార్మాట్ అందులోంచే నిండుతుంది. మేమైతే ఏటా మిరుగం (మృగశిర కార్తె) ముందు కూర్చుంటాం. పోయినసారి ఆ కుర్రాడే అడిగాడు, "సేటూ, ఆ రాత్రి నేనే లేకుంటే?" అని. వాడికి పెళ్లయింది, ఇప్పుడు గోడౌన్‌లో పడుకోవడం లేదు. దానికి ఇంకా సరైన జవాబు దొరకలేదు. ప్రస్తుతానికి రెండో తాళంచెవి రెండు వీధుల అవతల ఉండే డ్రైవర్ దగ్గర పెట్టాం.