రెడ్ డాట్ సైట్: ముందు మౌంటు చూడండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఎలక్ట్రానిక్ సైట్ల గురించే, అంటే గురి చూడటానికి తుపాకీ మీద బిగించే, అద్దంలో వెలిగే చుక్క (డాట్) చూపించే పరికరాల గురించి. ఇరవై రెండేళ్లు ఆర్మరర్‌గా, అంటే తుపాకులు బాగుచేసేవాడిగా, వీటిని బిగిస్తూ, విప్పుతూ గడిపాను కాబట్టి నా చేతికి తెలిసినంత చెబుతాను. కింద చెప్పిన ఏ పరీక్ష చేసినా, ముందు మేగజీన్ తీసి, చాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీగా ఉందని కళ్లతో చూసి, వేలితో తడిమి మరీ మొదలుపెట్టండి.

ప్రశ్న: రెడ్ డాట్ సైట్ కొని ఏడాదైంది. జీరో చేసుకున్న (గుండు చుక్క చూపిన చోటే పడేలా సర్దుకున్న) నాలుగు రోజులకే గురి తప్పుతోంది. 100 మీటర్ల దగ్గర ఒకసారి జానెడు కిందికి, ఇంకోసారి పక్కకి పోతోంది. సైట్ పోయింది, కొత్తది కొనుక్కో అంటున్నారు అందరూ. కొనమంటారా?

జవాబు: అప్పుడే కొనకండి. ‘పనికిరాదు’ అని చీటీ కట్టుకుని నా బల్ల మీదికి వచ్చిన సైట్లలో చాలావాటికి అసలు రోగమే లేదు. ఒకటి ఇప్పటికీ కళ్ల ముందుంది. మీరు రాసిన లక్షణాలే. తెచ్చిన కుర్రాడు అప్పటికే రెండు వారాలుగా గురి సర్దే నాబ్‌లు తిప్పీ తిప్పీ విసిగిపోయి ఉన్నాడు. సైట్‌ని తుపాకీకి పట్టి ఉంచే మౌంటు విప్పి, టార్చి పక్కనుంచి కొట్టి చూస్తే మౌంటు ముందు కాలి అడుగున చిన్న మెరుపు. ఇసుక రేణువు! నలిగి నలిగి లోహంలో సన్నటి గుంట కూడా చేసింది. బ్రష్‌తో దులిపి, తుపాకీ పైన మౌంటు కూర్చునే పట్టా, అదే రెయిల్, దాని గాడి గుడ్డతో తుడిచి, మళ్లీ బిగించి రేంజ్‌కి తీసుకెళ్లాం. అయిదు రౌండ్లు కాలిస్తే అయిదూ అరచేతి కింద కప్పేయగలిగేంత దగ్గరగా పడ్డాయి.

అంత చిన్న రేణువు అంత పని చేస్తుందా అంటారేమో, లెక్క వేసి చూడండి. మౌంటు పొడవు 5 సెంటీమీటర్లు అనుకుందాం. ఒక కొన 0.1 మిల్లీమీటరు పైకి లేచినా చాలు, 100 మీటర్ల దగ్గర తేడా 20 సెంటీమీటర్లు వస్తుంది. మీరన్న జానెడు అదే. సైట్ నాబ్ ఒక క్లిక్ తిప్పితే చాలా మోడళ్లలో కదిలేది ఆ దూరంలో ఒకటిన్నర సెంటీమీటర్లో, మూడు సెంటీమీటర్లో. కింద పునాది ఊగుతుంటే పైన క్లిక్కులు తిప్పి ఏం లాభం?

అందుకని మౌంటు పూర్తిగా విప్పండి. స్క్రూల థ్రెడ్లలో నూనె లేకుండా స్పిరిట్‌తో తుడవండి. స్క్రూ వదులవకుండా పట్టి ఉంచే జిగురు, నీలంరంగు థ్రెడ్‌లాకర్, ఒక్క చుక్క చాలు. ఎర్రది వాడొద్దు, వేడి చేస్తేగానీ ఊడి రాదు. మౌంటును రెయిల్ గాడిలో తుపాకీ గొట్టం నోరు వైపుకి నెట్టి పట్టుకుని బిగించాలి. పేలినప్పుడు రైఫిల్ వెనక్కి తంతుంది, సైట్ మాత్రం ఉన్నచోటే ఉండాలని చూస్తుంది. ముందే గాడి అంచుకి ఆనించి ఉంచితే ఇక జరగడానికి దానికి చోటుండదు. బిగింపు మాన్యువల్‌లో రాసినంతే, అదీ బిగింపు బలాన్ని కొలిచి చూపే టార్క్ రెంచ్‌తో. మణికట్టు అంచనాని నేను ఇన్నేళ్లయినా నమ్మను. చివరగా స్క్రూ తల మీదినుంచి మౌంటు మీదికి తెల్ల పెయింట్ పెన్నుతో సన్నగా ఒక గీత గీయండి. ఆ గీత తెగినట్టు కనబడిందా, స్క్రూ తిరిగిందన్నమాట.

ఇంత చేసినా గురి కదులుతుంటే, నమ్మకమైన ఇంకో సైట్‌ని అదే రైఫిల్‌కి పెట్టి కాల్చండి. అదీ కదిలితే లోపం మీ సైట్‌లో కాదు, రైఫిల్‌లోనో ఇంకెక్కడో ఉంది. కదలకపోతే మీ సైట్‌ని కంపెనీకి పంపండి.

ప్రశ్న: నా సైట్‌లో డాట్ గుండ్రంగా లేదు, తోకచుక్కలా సాగి కనబడుతోంది. దుకాణంవాళ్లు బాగానే ఉందంటున్నారు. మోసపోయానా?

జవాబు: లేదమ్మా. ఫోన్ కెమెరా సైట్ వెనక పెట్టి ఒక ఫోటో తీయండి. ఫోటోలో చుక్క గుండ్రంగా వస్తే సైట్‌కి ఏమీ కాలేదు, మీ కంట్లో ఆస్టిగ్మాటిజం (కంటి వంపు సమంగా లేక చూపు సాగినట్టు కనబడే దోషం) ఉన్నట్టు. ఇంకో గుర్తు కూడా ఉంది: తల పక్కకి వంచితే ఆ తోక కూడా తలతోపాటే తిరుగుతుంది. బ్రైట్‌నెస్ తగ్గించండి, సగం తోక అక్కడే పోతుంది. కళ్ల డాక్టరు దగ్గరికి మాత్రం తప్పకుండా వెళ్లండి.

ప్రశ్న: కాల్చినప్పుడల్లా డాట్ ఒక్క క్షణం ఆరి వెలుగుతోంది. కంపెనీ చూస్తే బ్యాటరీ 50,000 గంటలు వస్తుందంటోంది. నమ్మొచ్చా?

జవాబు: 50,000 గంటలంటే అయిదున్నరేళ్ల పైమాటే. ఎయిమ్‌పాయింట్ లాంటి సైట్ల కంపెనీలు చెప్పే ఆ లెక్క మధ్యస్థమైన వెలుగుకి. ఎండలో పూర్తి బ్రైట్‌నెస్ పెట్టి వదిలేస్తే ఆ లెక్క నిలవదు. మీ బాధ మాత్రం గంటలది కాదు. కుదుపుకి బ్యాటరీ స్ప్రింగ్ నుంచి క్షణం విడిపోతోంది. మూత పూర్తిగా బిగిసిందా చూడండి, స్ప్రింగ్ తగిలే చోటుని పెన్సిల్ రబ్బరుతో రుద్దండి. కొన్ని సీఆర్ 2032 కాయిన్ బ్యాటరీలకు పిల్లలు మింగకుండా చేదు పూత వేస్తారు, అది కొన్ని పరికరాల్లో కాంటాక్ట్‌కి అడ్డం పడుతుంది. పూత లేనిది వేసి చూడండి. (పూత ఉన్నా లేకున్నా పాత కాయిన్ బ్యాటరీలు పిల్లలకు అందనీయకండి. గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోతుంది.)

ఏఏ బ్యాటరీ వేసే సైట్ అయితే లిథియంది వాడండి. నేను ఒక సైట్‌లో మామూలు ఆల్కలైన్ వేసి బీరువాలో పెట్టి మర్చిపోయాను. ఏడాదిన్నర తర్వాత తీస్తే మూత చుట్టూ తెల్లటి పొక్కు కట్టి ఉంది. లోపలి థ్రెడ్లు తినేసింది. మంచి సైట్, నా అజాగ్రత్త వల్ల పోయింది. ఆ రోజు నుంచి పుట్టినరోజు నాడు నా సైట్లన్నిటికీ కొత్త బ్యాటరీలు వేస్తున్నాను, పాతవాటిలో సత్తువ మిగిలినా సరే.

ప్రశ్న: హోలోగ్రాఫిక్ సైట్లు చలికి, వేడికి గురి మారతాయని చదివాను. నిజమా?

జవాబు: మీరు చదివింది 2015 నాటి వ్యవహారం అయ్యుంటుంది. ఈఓటెక్ అనే హోలోగ్రాఫిక్ సైట్లు అప్పట్లో ఎల్-3 కంపెనీవి. చలిలో, తేమలో అవి సరిగా పనిచేయవని తెలిసీ అమ్మారన్న ఆరోపణ మీద ఆ కంపెనీ అమెరికా ప్రభుత్వానికి 2.56 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. ప్రాణం పణంగా పెట్టినవాడి చేతికిచ్చే వస్తువు విషయంలో లోపం దాచడాన్ని నేను క్షమించలేను. అయితే ఆ ఒక్క ఉదంతంతో ఆ రకం సైట్లన్నిటినీ తోసేయను కూడా.

రెడ్ డాట్‌లో ఉండేది చిన్న ఎల్‌ఈడీ. దాని వెలుగు లెన్స్ పూత మీద పడి కంటికి తిరిగొస్తుంది, అంతే. హోలోగ్రాఫిక్‌లో లేజర్ ఉంటుంది. ఉష్ణోగ్రత మారితే లేజర్ తరంగదైర్ఘ్యం కొద్దిగా మారుతుంది, దానితో హోలోగ్రామ్ నుంచి వెలుగు వచ్చే కోణమూ మారబోతుంది. ఆ మార్పుని సర్దడానికే లోపల మరో గ్రేటింగ్ (వెలుగుని వంచే సన్నటి గీతల పలక) పెడతారు. భాగాలు ఎక్కువ, సర్దుబాట్లు ఎక్కువ. బ్యాటరీ కూడా త్వరగా తాగేస్తుంది. మీ దగ్గరున్నది ఎలాంటిదో మీరే చూసుకోవచ్చు: కదలని బిగింపులో పెట్టి, దూరంగా గోడ మీది గుర్తుకి చుక్కని సరిపెట్టి, తెల్లవారుజామునా మధ్యాహ్నమూ చూడండి. చుక్క ప్రతిసారీ అద్దం మధ్యలో ఉండేలా కన్ను పెట్టాలి.

ప్రశ్న: మంచి సైట్ కొన్నాను కదా, తుపాకీకి ఉండే ఐరన్ సైట్లు (బ్యాటరీ అక్కర్లేని లోహపు గురి గుర్తులు) తీసేయనా?

జవాబు: తీయకండి. అద్దం మీద బురద పడినా, మంచు పట్టినా, బ్యాటరీ పోయినా మీకు మిగిలేది అవే. వాటినీ జీరో చేసుకోండి. రేంజ్‌కి వెళ్లినప్పుడల్లా చివరి పది రౌండ్లు డాట్ ఆర్పేసి వాటితోనే కాల్చండి.