నులిపురుగులు మొక్కలకు వైరస్ ఎక్కిస్తాయా?

బుడిపెలున్న టమాట వేళ్ళ ఫొటో పెట్టి మీరడిగిన ప్రశ్న ఇది. నులిపురుగులంటే మట్టిలో ఉండే దారంలాంటి సన్నటి పురుగులు, నెమటోడ్లు. అవి వైరస్ ఎక్కిస్తాయి. కానీ మీ టమాట వేళ్ళకు బుడిపెలు తెప్పించిన రకం మాత్రం ఎక్కించదు. ఈ తేడా తెలియక మా బాబాయి ఒక పంట పోగొట్టుకున్నాడు.

గుంటూరు జిల్లా కొల్లిపర దగ్గర కృష్ణ లంకలో ఎకరం టమాట, ఇసుక నేల. పూత మీద ఉండగా ఆకులు పైకి ముడుచుకుని మొక్కలు గిడసబారాయి. బాబాయి ఓ మొక్క పీకి పురుగుమందుల కొట్టుకు పట్టుకెళ్ళాడు. కొట్టాయన వేళ్ళు చూసి "నులిపురుగు కుట్టి వైరస్ ఎక్కించింది, పురుగుమందు గుళికలు చల్లు" అన్నాడు. చల్లాం. పది రోజుల్లో ముడత పక్క సాళ్ళకూ పాకింది.

నేను వెళ్ళి ఆ వేరును బకెట్లో కడిగాను. బుడిపెను బ్లేడుతో చీలిస్తే లోపల గుండుసూది తలంత, ముత్యంలా తెల్లగా ఆడపురుగు. అక్కడే పాతుకుపోయి, గుడ్లు పెట్టి, అక్కడే చస్తుంది. వైరస్ మోసుకు తిరిగే రాత దానికెక్కడిది? తర్వాత ఓ కొమ్మ కదిపితే ఆకుల అడుగు నుంచి తెల్లదోమ, పిండి చల్లినట్టు లేచింది. ముడత వైరస్ తెచ్చింది అదే. గుంటూరు దగ్గరి వ్యవసాయ పరిశోధన కేంద్రం లాం ఫారంలో చూపిస్తే వాళ్ళూ అదే అన్నారు, రెండు వేర్వేరు జబ్బులు ఒకే మొక్కకు వచ్చాయని.

వైరస్ మోసే నులిపురుగులు వేరే రకం. అవి వేరులోకి దూరవు. మట్టిలో తిరుగుతూ సూదిలాంటి నోటిని బయటినుంచే వేరుకొసలో గుచ్చి రసం పీలుస్తాయి. జబ్బు వేరును పీల్చినప్పుడు వైరస్ ఆ సూది నోటి గొట్టం లోపలి పొరకు అంటుకుంటుంది, ఇంకో వేరును గుచ్చినప్పుడు లాలాజలంతో దిగుతుంది. పురుగు ఒంట్లో అది పెరగదు, గుడ్లలోకి పోదు, కుబుసం విడిస్తే పొరతోపాటే పోతుంది. 1958లో కాలిఫోర్నియాలో జిఫినెమా ఇండెక్స్ అనే నులిపురుగు ద్రాక్షకు ఇలా వైరస్ ఎక్కిస్తుందని తొలిసారి రుజువు చేశారు. ఆకు విసనకర్రలా మారే తెగులు అది.

ఈసారి మేం నారు 40 మెష్ వల (అంగుళానికి 40 కన్నాలుండే సన్న వల) కింద పోశాం, తెల్లదోమ రాకుండా. బుడిపెలు రాకుండా వేపపిండి వేసి, సాళ్ళ మధ్య బంతి మొక్కలు పెట్టాం. మీరు గుళికలు కొనేముందు ఓసారి పొద్దున్నే చేలోకెళ్ళి ఆకులు తిరగేసి చూడండి, ఏం కనిపించిందో ఇక్కడే రాయండి.