సమాధానం: వాతావరణ నిధుల్లో 100, 300, 1,300 బిలియన్ డాలర్లు ఎందుకు పొసగడం లేదంటే

మీ గ్రూప్స్ నోట్సులో వాతావరణ నిధుల (వాతావరణ మార్పును ఎదుర్కోవడానికి పేద, వర్ధమాన దేశాలకు చేరాల్సిన డబ్బు) అంకెలు ఎందుకు కలవడం లేదని, రామగుండం సౌర కేంద్రం వీటిలోకి వస్తుందా అని అడిగారు. మూడు వేర్వేరు సంగతులను ఒకే హామీగా రాసుకున్నారు. అంకెలు కలవకపోవడానికి కారణం అదే.

1. 2009, కోపెన్‌హేగెన్ ఐరాస వాతావరణ సదస్సు: 2020 నాటికి ఏటా 100 బిలియన్ డాలర్లు. అది 2022లో గానీ నెరవేరలేదు.

2. 2024, బాకు ఐరాస వాతావరణ సదస్సు: 2035 నాటికి ఏటా 300 బిలియన్లు. సంపన్న దేశాలు ముందుండి సమీకరించాలి.

3. 1,300 బిలియన్లు కూడా బాకు నిర్ణయంలోనివే. అందరూ పొరబడేది ఇక్కడే. ఇది సంపన్న దేశాల హామీ కాదు. ప్రభుత్వ, ప్రైవేటు మార్గాలన్నిటి నుంచీ ఆ మొత్తం చేరేలా చూడాలన్న పిలుపు. పైగా ఈ నిధుల్లో అప్పులూ ఉంటాయి. కాబట్టి ‘సాయం’ అని రాసి వదిలేయకండి, పేద దేశాల ఫిర్యాదే అది.

మీరడిగిన రామగుండం 100 మెగావాట్ల తేలియాడే సౌర కేంద్రం ఈ పద్దులోకి రాదు. దాన్ని 2030 నాటికి 500 గిగావాట్ల శిలాజేతర (బొగ్గు, చమురు, గ్యాస్ కాని) విద్యుత్ సామర్థ్యం అన్న మన దేశ లక్ష్యం కింద రాయండి.